సాల్వియా పొద: మోడు కాకుండా కత్తిరించడం, కొమ్మతో కొత్త మొక్క కట్టుకోవడం

మీరు రాసినదాని సారం ఇది. డాలస్ ఉత్తర శివారులో ఇంటి ముందు నాలుగేళ్ల సాల్వియా గ్రెగ్గీ పొద. నవంబరులో తొలి మంచు కురవగానే నేలకు ఆరంగుళాల ఎత్తున మొత్తం కోసేశారు. ఏప్రిల్ వచ్చేసరికి సగం కొమ్మలు చిగురించలేదు. చిగురించినవి కూడా కింద బోసిగా, కొసల్లో నాలుగు పూలతో నిలబడ్డాయి. పోతే పోయింది, ఇంకో మొక్క చేసుకుందామని గ్లాసు నీళ్లలో ఎనిమిది కొమ్మలు పెడితే పది రోజుల్లో అడుగు నల్లబడి మెత్తబడ్డాయి. దీనితోపాటు, హైదరాబాదులో డాబా మీద కుండీలో ఉన్న ఊదా రంగు సాల్వియాను ఎప్పుడు కత్తిరించాలని మీ అక్కగారు అడగమన్నారు. దానికి చివర్లో వస్తాను.

పొదను మీరు కోసిన తీరు కంటే కోసిన నెలే పెద్ద తప్పు. గ్రెగ్గీని గట్టిగా కోయాల్సింది చలికాలం వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కాదు. కొమ్మల విషయానికొస్తే, ఈ రకం నీళ్లలో వేరు తొడగడం తక్కువ, కుళ్లడం ఎక్కువ.

ముందు మీ దగ్గరున్నది ఏ సాల్వియానో తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక రకానికి మందు అయిన కోత ఇంకో రకానికి చావు. సాల్వియాలు తులసి, పుదీనాల కుటుంబం. కాడను రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే నాలుగు పలకలు తగులుతాయి. ఆకులు జంటలు జంటలుగా, ఒక జంటకు అడ్డంగా ఇంకో జంట వస్తాయి. కత్తిరింపు దృష్టితో చూస్తే వీటిని మూడు గుంపులుగా విడదీసుకుంటే చాలు.

మొదటి గుంపు మీది. చిన్న ఆకులు, మొదట్లో చేవదేరిన పుల్లలు, మూడడుగుల గుండ్రటి పొద. గ్రెగ్గీ, మైక్రోఫిల్లా, ఈ రెండింటి సంకరాలైన జామెన్సిస్ రకాలు, ఎరుపు-తెలుపు పూల హాట్ లిప్స్ అన్నీ ఇందులోవే. (హాట్ లిప్స్‌లో ఒకే పొద మీద రెండు రంగుల పూలు, ఒట్టి ఎరుపువి, ఒట్టి తెలుపువి వాతావరణాన్ని బట్టి వస్తుంటాయి. మొక్క పాడైందని పీకెయ్యకండి.) ఇవి చేవ మీద బతుకుతాయి, కొత్త చిగురు మీద పూస్తాయి. వీటికి ఏటా గట్టి కోత ఒకటి, తేలిక కోతలు ఒకటి రెండు కావాలి.

రెండో గుంపు చలికి నేలమట్టమై, వేళ్ల నుంచి మళ్లీ లేచేవి. మఖమల్ లాంటి ఊదా కంకుల ల్యూకాంథా, ముదురు నీలం పూల గ్వారానిటికా ఈ కోవలోవి. డాలస్‌లో గట్టి మంచుకు పైభాగం నల్లగా మాడిపోతుంది. మాడాక నాలుగంగుళాలు ఉంచి మొత్తం కోసేయొచ్చు. చలి మరీ ఎక్కువ పడే చోట మాత్రం ఆ ఎండు కాడల్నే కుదురు మీద కప్పుగా ఉంచి, ఫిబ్రవరి చివర్లో తీయడం మేలు.

మూడో గుంపు వంటల్లో వాడే సేజ్, అంటే సాల్వియా అఫిసినాలిస్. రోజ్‌మేరీ కూడా ఈ గుంపే. వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని కూడా సాల్వియా జాతిలోకే చేర్చి సాల్వియా రోజ్‌మరైనస్ అంటున్నారు. ఈ రెంటికీ నియమం ఒక్కటే: ఆకు లేని మోడులోకి కత్తెర పోకూడదు. పాత చేవ మీద నిద్రపోతున్న మొగ్గలు వీటికి దాదాపు ఉండవు, కాబట్టి అక్కడ కోస్తే ఆ కొమ్మ ఇక లేవదు. పచ్చటి భాగంలో మూడో వంతు మాత్రం, పూత అయ్యాక తీయాలి. గ్రెగ్గీని చూసిన ధైర్యంతో పక్కనున్న రోజ్‌మేరీ కంచెను కూడా సగానికి కోసి చంపుకోవడం టెక్సాస్ పెరళ్లలో మామూలే.

నవంబరు కోత ఎందుకు దెబ్బ తీసిందంటే, కొమ్మ కొస తెగితే కింది మొగ్గలకు చిగురించమని కబురు వెళుతుంది. నవంబరులో మీ దగ్గర రెండు రోజులు మంచు, పది రోజులు ఎండ. ఆ ఎండకు మొగ్గలు ఉబ్బి లేత చిగురు వేస్తాయి. తర్వాతి చలి ముందు ఆ చిగురును, ఆ దారినే పక్క చేవను మాడుస్తుంది. పైగా పొద మీదున్న కొమ్మలే మొదలుకు దుప్పటి. అవి పోతే చలిగాలి నేరుగా కుదురుకు తగులుతుంది. కొసల నుంచి ఎండుతూ వచ్చే చలిదెబ్బకు అడుగున్నర కొమ్మ ఉంటే ఒక అడుగు పోయినా అరడుగు మిగులుతుంది. మీరు ముందే ఆరంగుళాలకు తెచ్చారు కాబట్టి పోవడానికి కుదురు తప్ప ఏమీ మిగల్లేదు.

నవంబరులో చేయదగ్గది ఒక్కటే. పొద బాగా ఎత్తుగా ఉండి గాలికి ఊగి మొదలు దగ్గర మట్టి వదులవుతుంటే, పూల కాడలు మాత్రం, అంటే పైనున్న నాలుగైదు అంగుళాలు తుంచండి.

గట్టి కోతకు సమయం డాలస్‌లో ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం. చివరి మంచు సాధారణంగా మార్చి మధ్యకు అటూ ఇటుగా పడుతుంది. తేదీ కంటే మొక్కను చూడటం మంచిది: కొమ్మల కింది భాగంలో, ఆకు రాలిన మచ్చల దగ్గర ఆవగింజంత మొగ్గలు ఉబ్బి కనబడితే సమయం వచ్చినట్టు. ఆస్టిన్, హ్యూస్టన్ వైపు రెండు వారాలు ముందు. ఇంగ్లండులో ఉన్నవాళ్లు ఏప్రిల్ దాకా ఆగాలి.

కత్తెర రెండు వాదరలూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారేది కావాలి. పీట మీద కత్తి పడినట్టు నొక్కేది కాడను నలుపుతుంది, నలిగిన చోట కొమ్మ కిందికి ఎండుతుంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి మొదలుపెట్టండి.

మొదట చచ్చినవి తీయాలి. చచ్చిందో బతికుందో కంటితో చెప్పలేం, గోటితో బెరడు గీరండి. కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణముంది, గోధుమరంగులో పొడిగా ఉంటే లేదు. కొసలో పొడిగా ఉంటే రెండేసి అంగుళాలు కిందికి జరుగుతూ గీరి, పచ్చదనం తగిలిన చోటికి కిందనున్న మొగ్గల జంట మీద కోయండి. తర్వాత, అన్నింటికంటే లావైన, బెరడు పొట్టు లేచిన ముసలి కొమ్మలు రెండు మూడు ఎంచుకుని మొదలుకు బెత్తెడు ఎత్తున కోసేయండి. పొద ఎప్పటికీ మోడు కాకుండా ఉంచేది ఈ పనే, చాలామంది వదిలేసేదీ ఈ పనే. పైపైన గుండ్రంగా కంచె కత్తెరతో కొట్టుకుంటూ పోతే నాలుగేళ్లలో పైన అంగుళం పచ్చదనం, కింద పుల్లల పంజరం తయారవుతుంది. మీ పొదకు జరిగింది కొంత అదే.

మిగతా కొమ్మల్ని సగానికి, బలహీనంగా ఉన్న పొదైతే మూడో వంతు తగ్గించండి. ప్రతి కోతా ఆకుల జంటకు లేదా మొగ్గల జంటకు పావు అంగుళం పైన పడాలి. గులాబీకి అలవాటైన ఏటవాలు కోత ఇక్కడ వద్దు. గులాబీకి మొగ్గ ఒక వైపే ఉంటుంది, సాల్వియాకు రెండు వైపులా ఎదురెదురుగా ఉంటాయి. వాలుగా కోస్తే ఒక మొగ్గ ఎండిపోతుంది. వాలు లేకుండా, సరిగ్గా అడ్డంగా కోయాలి. కణుపుకు మరీ పైన కోస్తే ఆ మిగిలిన మొండి ఎండి, దాని వెంట చీలిక కిందికి దిగుతుంది. చివరికి పొద కింద వెడల్పుగా, పైన కొంచెం సన్నగా కనిపించాలి. పైభాగం గొడుగులా వెడల్పైతే కింది కొమ్మలకు ఎండ తగలక మళ్లీ బోసిపోతాయి.

ఇప్పుడు మీ సగం చచ్చిన పొద సంగతి. మే చివరి దాకా పీకొద్దు. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత సున్నాకు కింద 2 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పడింది. అప్పుడు పైభాగం పూర్తిగా మాడిన గ్రెగ్గీలు చాలా చోట్ల ఆ వేసవిలో మొదట్లోంచి పిలకలు వేశాయి. మీ పొదలో గీరితే పొడిగా ఉన్నవి ఇప్పుడే మొదలుకంటా తీసేయండి. బతికున్న బోసి కొమ్మల్ని మాత్రం ఒకేసారి కోయకండి. ఈ ఏడు మూడింట ఒక వంతు కొమ్మల్ని, అదీ కింద చిన్న చిగురు కనబడుతున్న వాటినే, ఆ చిగురుకు కాస్త పైన కోయండి. వచ్చే ఫిబ్రవరిలో ఇంకో వంతు, ఆపై ఏడు చివరి వంతు. ఆకులున్న కొమ్మలు తిండి పెడుతుంటే కోసినవి లేస్తాయి. అన్నీ ఒక్కసారే మోడు చేస్తే వేళ్లలో దాచుకున్నదంతా ఒక్క చిగురుకే ఖర్చయి, జులై ఎండకు అదీ నిలవదు. నిజం చెప్పాలంటే, ఐదారేళ్లు దాటిన గ్రెగ్గీని ఇంత కష్టపడి నిలబెట్టడం కంటే దాని కొమ్మతో కట్టిన కొత్త మొక్క పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. రెండేళ్లలో అది పాతదాన్ని మించుతుంది.

ఏడాదిలో మిగతా కోతలు తేలిక. తులసికి కంకులు వచ్చినప్పుడల్లా గిల్లేస్తే గుబురుగా పెరుగుతుంది, గింజ కట్టనిస్తే నాలుగు పుల్లలుగా మిగులుతుంది. ఇదీ అంతే. మే చివర్లో తొలి పూత తగ్గాక ఎండు కంకులతోపాటు పైన రెండు మూడు అంగుళాలు తీసేయండి. ఒక్కో కంకీ ఏరుకుంటూ కూర్చోనక్కర్లేదు, కంచె కత్తెర ఇక్కడ పనికొస్తుంది. జులై ఎండలో పూత ఆగిపోతే ఏమీ చేయకండి, ఎరువు అసలే వద్దు. ఆగస్టు మూడో వారంలో మూడో వంతు తగ్గించి, లోతుగా తడపండి. ఐదారు వారాల్లో, చల్లబడే వేళకు, ఏడాదిలోకెల్లా మంచి పూత వస్తుంది. సెప్టెంబరు మధ్య తర్వాత కత్తెర లోపల పెట్టేయాలి. ఆ తర్వాత కోస్తే వచ్చే చిగురు మంచు వేళకు ముదరదు.

రెండో గుంపులోని ల్యూకాంథాకు వేసవిలో తలలు తుంచడమే ముఖ్యం. కొత్త కాడ అడుగెత్తు రాగానే కొసన జంట ఆకులు తుంచితే రెండు కొమ్మలు, వాటిని మళ్లీ తుంచితే నాలుగు. పత్తికి తలలు తుంచినట్టే. అయితే జులై ఆఖరుతో ఆపాలి. ల్యూకాంథా పగలు కురచైనప్పుడే మొగ్గ తొడిగే మొక్క. ఆగస్టులో తుంచితే మొగ్గ తొడగాల్సిన కొసలే పోతాయి.

ఇంత శ్రద్ధగా కోసినా మొదలు కుళ్లి పోయే పొదలున్నాయి. అక్కడ తప్పు కత్తెరది కాదు, నేలది. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌లాండ్ నేల మన నల్లరేగడికి అన్నదమ్ముల వరస: తడిస్తే బంక, ఎండితే బీటలు, పీహెచ్ 7 పైనే. గ్రెగ్గీ పుట్టిల్లేమో పశ్చిమ టెక్సాస్ నుంచి ఉత్తర మెక్సికో దాకా పరుచుకున్న రాతి గుట్టలు. దానికి సున్నపు నేల సమ్మతమే, నిలిచే నీరు మాత్రం పడదు. నాటేచోట మూడంగుళాల మందాన ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన రాతి ముక్కలు) పరిచి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు దాకా కలిపి, ఆ పైన ఆరంగుళాల ఎత్తు దిబ్బ చేసి నాటండి. రేగడిలో ఇసుక కలపడం మాత్రం వద్దు, కొంచెం ఇసుకతో అది ఇటుకలా గట్టిపడుతుంది. చెక్క పొట్టు మల్చ్ మొదలుకు తగలకూడదు, చుట్టూ నాలుగంగుళాలు ఖాళీగా వదలండి లేదా గులకరాళ్లు పోయండి. పచ్చిక స్ప్రింక్లరు రోజు విడిచి రోజు తగిలేచోట ఈ పొద రెండేళ్లకు మించి నిలవడం కష్టం. నత్రజని ఎక్కువైన మొక్కకు కాడలు పొడుగ్గా, పెళుసుగా సాగి, వాన బరువుకు పంగ దగ్గర చీలుతాయి. పచ్చికకు చల్లే ఎరువు గింజలు పొదలోకి రాలకుండా చూసుకోండి. మార్చిలో గుప్పెడు కంపోస్టు చాలు.

ఇక కొత్త మొక్కలు.

నీళ్ల గ్లాసులో గ్వారానిటికా, పైనాపిల్ సేజ్ లాంటి మెత్తకాడ రకాలు బాగానే వేరు తొడుగుతాయి. గ్రెగ్గీ కాడ సన్నం, సగం చేవ. గదిలో కదలకుండా ఉన్న నీటిలో గాలి తక్కువ, దాంతో వేరు పుట్టేలోపే కోసిన చోట కుళ్లు మొదలవుతుంది. వేరు పుట్టినా, నీటిలో పెరిగిన వేరు పెళుసు. మట్టిలోకి మార్చినప్పుడు సగం విరిగి, మిగతాది కొత్త వేరు వేసేదాకా మొక్క వడలుతూ ఉంటుంది. గాలి ఆడే పొడి పొడి మిశ్రమంలో నేరుగా గుచ్చితే ఈ రెండు బాధలూ లేవు.

సమయం రెండుసార్లు. ఏప్రిల్ చివర, మే: లేత కొమ్మలు, తొందరగా వేరు పడతాయి, తొందరగా వడలుతాయి. సెప్టెంబరు: కొస లేతగా, మొదలు కొంచెం ముదిరి, వంచితే వెంటనే విరగకుండా సాగే కొమ్మలు. నా మొగ్గు సెప్టెంబరుకే. ఆగస్టు కోత తర్వాత వచ్చిన కొత్త చిగురంతా అప్పటికి సరైన ముదురుకు వస్తుంది, పైగా చలికి పెద్ద పొద పోయినా చేతిలో పిల్లలుంటాయి. జులైలో బయట ప్రయత్నించడం దండగ.

కొమ్మ ఎంపికలో సగం పని ఉంది. పువ్వు గాని మొగ్గ గాని లేని పక్క కొమ్మ కావాలి. పూసే కొమ్మ తన దగ్గరున్నదంతా పువ్వుకు పెడుతుంది, వేరుకు మిగలదు. పూత లేని కొమ్మ దొరక్కపోతే మూడు వారాల ముందే నాలుగైదు కొమ్మల తలలు తుంచి ఉంచండి, పక్కనుంచి వచ్చే చిగుళ్లు సరిపోతాయి. ముందురోజు సాయంత్రం పొదకు బాగా నీళ్లు పెట్టి, తెల్లవారి ఎండెక్కకముందే కోసి, తడి బట్ట పెట్టిన ప్లాస్టిక్ సంచిలో వేయండి. గంటలోపు నాటేయాలి. కావలసినదానికి రెండింతలు కోయండి.

మిశ్రమం పెర్లైట్ (వేడికి ఉబ్బించిన తేలికైన తెల్ల రాతి గుళికలు) సగం, కడిగిన కొబ్బరి పొట్టు సగం. ఎరువు కలిపిన కుండీ మట్టి వాడొద్దు, దానిలోని లవణాలు కోసిన చోటును మాడుస్తాయి. మిశ్రమాన్ని తడిపి పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ తడి. నాలుగంగుళాల కుండీ ఒకటి ఆరు కొమ్మలకు చాలు. పెద్ద కుండీలో రెండు కొమ్మలు పెడితే తాగేవాళ్లు లేక తడి నిలుస్తుంది.

కొమ్మ మూడు నుంచి నాలుగు అంగుళాలు. అడుగు కోత కణుపుకు సరిగ్గా కింద పడాలి, వేళ్లు ఎక్కువగా ఆ కణుపు నుంచే వస్తాయి. కింది సగంలో ఆకుల్ని పైనుంచి కిందికి చీల్చకుండా, కత్తెరతో తీయండి, బెరడు లేస్తే కుళ్లుకు దారి. కొసన ఉన్న లేత జంట తుంచండి. పైన రెండు మూడు జంటలు మిగలాలి, ఆకులు పెద్దవైతే సగానికి కత్తిరించండి. వేరు పొడి, అంటే వేరు పుట్టించే ఐబీఏ హార్మోను 0.1 శాతం ఉన్నది, ఈ గుంపుకు తప్పనిసరి కాదు గాని ముదురు కొమ్మకు సాయపడుతుంది. పొడి డబ్బాలో కొమ్మ ముంచకండి. కొద్దిగా కాగితం మీద పోసుకుని, అడుగు అర అంగుళం అద్ది, దులపండి. దాల్చినచెక్క పొడి వేళ్లు తెప్పించదు.

పెన్సిలుతో రంధ్రం చేసి, కుండీ అంచు వెంబడి అంగుళంన్నర లోతున గుచ్చి, వేళ్లతో అదమండి. అంచు దగ్గర గాలి బాగా ఆడుతుంది. ఆకు ఒక్కటి కూడా మిశ్రమానికి తగలకూడదు. రకం పేరు, తేదీ రాసి గుచ్చండి, మూడు వారాల తర్వాత ఎర్రపూలదో తెల్లపూలదో ఎవరికీ గుర్తుండదు.

పైన అడుగు కోసిన నీళ్ల సీసా గాని పారదర్శక సంచి గాని కప్పండి. రోజూ పది నిమిషాలు తీసి, లోపలి చెమట తుడిచి మళ్లీ కప్పండి. ల్యూకాంథాకు, వంట సేజ్‌కు ఆకుల మీద నూగు ఉంటుంది, అది తడిని పట్టి ఉంచి బూజు తెస్తుంది. వాటికి కప్పును పూర్తిగా మూయకుండా ఒక అంచు ఎత్తి ఉంచాలి. వెలుతురు ధారాళంగా ఉండాలి, నేరుగా ఎండ పడకూడదు. ఎండలో కప్పు కింద అరగంటలో కొమ్మలు ఉడికిపోతాయి. 70 నుంచి 75 డిగ్రీల ఫారన్‌హీట్ బాగుంటుంది. ఏసీ గాలి నేరుగా తగిలే కిటికీ వద్దు.

తొలి వారంలో కింది ఆకు ఒకటి పసుపెక్కి రాలితే కంగారు లేదు, తీసి పారేయండి. కాడ అడుగు నుంచి నలుపు పైకి ఎక్కుతుంటే ఆ కొమ్మ పోయినట్టే. వెంటనే పీకేయండి, పక్కవాటికి అంటుతుంది. పైన వడలి, అడుగు గట్టిగానే ఉంటే తేమ చాలడం లేదని. నల్లటి చిన్న ఈగలు ఎగురుతుంటే మిశ్రమం మరీ తడిగా ఉందని. మూడు నుంచి నాలుగు వారాల్లో కొసన కొత్త ఆకు విచ్చుకుంటుంది. మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది. రోజూ లాగి చూడకండి, సన్న వేళ్లు తెగుతాయి. కుండీ అడుగు రంధ్రంలో తెల్ల వేరు కనిపించడం అన్నింటికన్నా నమ్మకమైన గుర్తు. అప్పటినుంచి వారం రోజులపాటు కప్పు తీసి ఉంచే సమయం పెంచుతూ, ఆ తర్వాత ఒక్కోదాన్ని నాలుగంగుళాల కుండీలోకి మార్చండి. మూడు జంటల ఆకులు రాగానే తల తుంచాలి. ఇక్కడ జాలిపడి తుంచకపోతే జన్మంతా ఒంటికాడ మొక్కే.

కొమ్మలు గుచ్చే తీరిక లేనివాళ్లకు నేల అంటు ఉంది. మేలో నేలకు ఆనుతున్న కొమ్మ ఒకటి పట్టుకుని, కొస నుంచి జానెడు వెనక ఒక కణుపు కింద అంగుళం మేర బెరడు గీరి, అక్కడ రెండంగుళాల లోతు గుంటలో వంచి తొక్కి, యూ ఆకారపు తీగతో అదిమి, మీద రాయి పెట్టండి. మన దగ్గర మల్లెకు అంటు తొక్కే పద్ధతే. మట్టి తడి ఆరకుండా చూస్తే రెండు నెలల్లో వేరు పడుతుంది. సెప్టెంబరులో తల్లి వైపు కోసి, ఇంకో రెండు వారాలు అక్కడే ఉంచి, అప్పుడు తీయండి. మొక్క ఒక్కటే వస్తుంది, కానీ చెడిపోవడం అరుదు. గ్వారానిటికాకు ఇదీ అక్కర్లేదు, మార్చిలో దుబ్బు తవ్వి, పిలక వేరుతో సహా పారతో విడదీస్తే సరి.

గింజతో వస్తుందా అంటే వస్తుంది. ఎండిన ప్రతి పువ్వు గిన్నెలో నాలుగు గింజల దాకా ఉంటాయి, తడిస్తే సబ్జాలా జిగురు కడతాయి. (చియా కూడా ఒక సాల్వియానే.) అయితే హాట్ లిప్స్ లాంటి ఎంపిక రకాల గింజలకు తల్లి రంగు వస్తుందన్న హామీ లేదు.

ఒక చట్టం మాట. అమెరికాలో కొన్న మొక్క చీటీ మీద పీపీ అక్షరాల పక్కన అంకెలున్నా, పీపీఏఎఫ్ అని ఉన్నా అది ప్లాంట్ పేటెంట్ ఉన్నది లేదా కోరినది. పేటెంటు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది, ఆలోగా కొమ్మతో గాని అంటుతో గాని మొక్కలు కట్టడం, ఇంటి కోసమైనా సరే, అనుమతి లేకుండా కుదరదు. పేరు లేని మామూలు గ్రెగ్గీకి ఈ బెడద లేదు.

ఇక హైదరాబాదులో మీ అక్కగారి ఊదా సాల్వియా. అది ల్యూకాంథా అనుకుంటే, దానికి లెక్క తిరగబడుతుంది. అక్కడ శత్రువు మంచు కాదు, వానాకాలపు తడి, ఏప్రిల్-మే ఎండ. సెప్టెంబరు నుంచి పూసి, ఫిబ్రవరికి పూత తగ్గుతుంది. అప్పుడు మొదట్లోంచి కొత్త పిలకలు వస్తున్నాయో లేదో చూసి, పూసిన పాత కాడల్ని నాలుగంగుళాలకు కోయమనండి. పిలకల్ని వదిలేయాలి. వేసవిలో పొద్దున పదకొండు దాకా ఎండ, తర్వాత నీడ ఉండాలి. జూన్‌లో ఒకసారి, జులైలో ఒకసారి తలలు తుంచాలి, అంతటితో ఆపాలి. డాబా మీద రాత్రంతా వెలిగే లైటు కుండీకి దగ్గరగా ఉంటే పూత ఆలస్యం కావచ్చు, పక్కకు జరపమనండి. మట్టికి ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. వానాకాలంలో కుండీ కింద పళ్లెం తీసేసి రెండు ఇటుకల మీద ఎత్తాలి. కొమ్మలు నాటడానికి అక్టోబరు చివర నుంచి జనవరి దాకా అనువు. ల్యూకాంథాలో లావు కాడల మధ్య బెండు ఉంటుంది, అవి కుళ్లుతాయి, కాబట్టి మొదట్లోంచి వచ్చిన పెన్సిలు కంటే సన్నని పిలకలే తీసుకోవాలి. నర్సరీల్లో శీతాకాలంలో అమ్మే ఎర్ర సాల్వియా మాత్రం వేరు. అది ఒక కాలం మొక్కగా పెంచుకునేది, ఇక్కడ చెప్పిన గట్టి కోతలు దానికి పనికిరావు.

మీ సెప్టెంబరు పిల్లల్ని ఈ చలికాలం నేలలో పెట్టకండి. కిటికీ ఉన్న గరాజులోనో, బల్బు కిందో, 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గని చోట ఉంచి, పైమట్టి అంగుళం లోతు ఎండాకే నీళ్లు పోయండి. మార్చి చివర్లో వారం రోజులు పగలు బయట, రాత్రి లోపల తిప్పి, అప్పుడు దిబ్బ మీద మూడడుగుల ఎడంతో నాటండి. ఒకదాన్ని మాత్రం కుండీలోనే ఉంచుకోండి. వచ్చే సెప్టెంబరులో కొమ్మలు కోసుకోవడానికి పూత చూసి మనసు వెనక్కి లాగని మొక్క ఒకటి ఉండాలి.